ఎదురుగోడ

పంజాగుట్ట చౌరస్తా నుంచి కాస్త లోపలికి వస్తే, ఒక పాత ఇంటి పైవాటా మా గ్యాలరీ. కింద బ్లౌజులు కుట్టే షాపు, మధ్య అంతస్తులో హోమియో డాక్టరు. గ్యాలరీ అనగానే ఏదో ఊహించుకోకండి. ఒక హాలు, హాలుకి ఆనుకుని పడగ్గది, తలుపు పీకేసిన వంటిల్లు, అంతే. బొమ్మలు వేసేవాళ్ళం కొంతమందిమి కలిసి నడుపుకుంటున్నాం. పెత్తనం చేసేదీ మేమే, చీపురు పట్టేదీ మేమే. మా ప్రదర్శనలకి వచ్చేవాళ్ళలో కొందరు డాక్టరు గారి కోసం వచ్చి ఒక అంతస్తు ఎక్కువ ఎక్కేసినవాళ్ళు. వాళ్ళు కూడా మర్యాదకి ఒక చుట్టు చుట్టి, "బాగున్నాయండీ" అని మందుల కోసం కిందికి దిగుతారు.

మూడు నెలలకోసారి ఒక అంశం అనుకుంటాం. అంశం చెప్పే వంతు ఒక్కోసారి ఒక్కొక్కరిది. దాని మీద తలా ఒక బొమ్మ వేసుకొస్తాం. మా దగ్గర రెండు కట్టుబాట్లున్నాయి. రెండూ పెట్టింది మాలో పెద్దవారు, ఆర్ట్ కాలేజీలో చెప్పి రిటైరైన మా సార్. మొదటిది, బొమ్మలు తగిలించే రోజున ఎవరి బొమ్మ గురించి వాళ్ళు నోరెత్తకూడదు. మంచీ చెప్పకూడదు, చెడూ చెప్పకూడదు. రెండోది, ఎవరి బొమ్మని వాళ్ళు తగిలించుకోకూడదు, ఇద్దరిద్దరం జతలు కట్టి, జతలో ఉన్న రెండోవాళ్ళు తగిలించాలి. "ఎవరి పెళ్ళికి వాళ్ళే సన్నాయి ఊదుకుంటారా అమ్మా?" అంటారాయన.

ఇక ఎదురుగోడ. తలుపు తీసి లోపల కాలు పెట్టగానే కళ్ళకి తగిలేది అదే. పక్క కిటికీలోంచి వెలుగు ఏటవాలుగా వచ్చి దానిమీద పడుతుంది. గోడ మొత్తానికి ఒకే ఒక్క బొమ్మ పెడతాం. మిగతా బొమ్మలన్నీ పక్క గోడలకీ, పడగ్గదికీ, వంటింటికీ సర్దుకోవాలి. తగిలించే మధ్యాహ్నం అందరి బొమ్మలూ గోడవైపు తిప్పి ఆనించి ఉంటాయి. టీ తాగడం అయ్యాక అన్నీ ఒక్కసారే ఇటు తిప్పుతాం. అప్పుడు సార్ గొంతు సవరించుకుని, "ఎదురుగోడకి ఏది?" అని అడుగుతారు. ఇన్నేళ్ళలో ఆ గోడ మీద నా బొమ్మ ఒక్కసారన్నా ఉండాలని నేను పడ్డ ఆశ నాకూ దేవుడికీ తెలుసు. మా ఆయనకి కూడా కొంత తెలుసు, ఎందుకంటే ప్రతిసారీ ఇంటికొచ్చాక గిన్నెల చప్పుడు భరించేది ఆయనే.

ఇప్పుడు నాకు జతగా ఉన్న పిల్ల రాకముందు ఎదురుగోడ అందరి మధ్యా తిరిగేది. నా దాకా వచ్చేలోపు ఆమె వచ్చింది. తీసుకొచ్చింది ఎవరని అడిగితే, నేనే. కొరివితో తల గోక్కోవడం అంటే అదే.

నేను అమీర్‌పేటలో ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. పరీక్ష పేపర్లు జిరాక్స్ తీయించడానికి వెళ్ళినప్పుడు ఆమె కనబడింది. కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ డిజైన్ చెబుతుందట. మిషను ఖాళీ అయ్యేదాకా చేతిలో ఉన్న చిత్తుకాగితం వెనక పెన్నుతో ఏదో గీస్తోంది. మెడ చాచి చూశాను. షాపులో నిలబడ్డ మా అందర్నీ దించేసింది. గాభరాగా చెమట తుడుచుకుంటున్న కుర్రాణ్ణీ, సెల్లు చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి చిల్లర లెక్కపెట్టుకుంటున్న షాపాయన్నీ, పేపర్ల కట్ట గుండెలకి హత్తుకుని నిలబడ్డ నన్నూ. నా మూతి విరుపుతో సహా దించింది. ఆ క్షణంలో నాకు ముచ్చటే వేసింది, అది నిజం. మంట తర్వాత మొదలైంది.

ఆమెది సిద్దిపేట వైపు. నాకంటే పదేళ్ళు చిన్న. నన్ను అక్కా అంటుంది. మొదటి ప్రదర్శనకే జతలు కట్టేటప్పుడు "నేను అక్కతోని ఉంట సార్" అని నా పక్కన చేరింది. అంశం 'చెప్పులు'. ఆమె బొమ్మ ఎదురుగోడకి వెళ్ళింది. కొత్త పిల్ల, ఉత్సాహపరచాలి అనుకున్నాం. తర్వాత అంశం 'నీళ్ళు'. నేను ఎండలో మెరుస్తున్న మేడమీద ట్యాంకు వేశాను. చుట్టూ ఎవరూ లేని ట్యాంకు. నేను మనుషుల్ని వెయ్యను. మెట్లు, వరండాలు, మేడలు, గోడమీద ఎండ, ఇవే నా బొమ్మలు. ఆమె ట్యాంకరు కోసం కాచుకున్న ఆడవాళ్ళని వేసింది. అందరూ హాయిగా కబుర్లలో ఉన్నారు, కానీ ప్రతి ఒక్కరి కాలూ ఎవరి బిందె మీద వాళ్ళకుంది. ఆ కాలు చూసి సార్ ఎదురుగోడ ప్రశ్న కూడా అడగలేదు. కూర్చున్న చోటునుంచే చేత్తో చూపించారు.

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. ఆమె జత నేను కాబట్టి, ఆమె బొమ్మని ఎదురుగోడకి తగిలించాల్సింది నేను. ప్రతిసారీ నేనే. నా చేత్తో కొలిచి, నా చేత్తో మేకు కొట్టి, నా చీరకొంగుతో అద్దం తుడిచి. కళ్ళలో నిప్పులు పోసుకుంటూ చేసినా ఆ పని నాకు చెడగొట్టడం చేతకాదు. మా నాన్నకి గుంటూరులో ఫొటోఫ్రేముల కొట్టు ఉండేది. వేసవి సెలవులన్నీ అందులోనే గడిచాయి. "బొమ్మ గోడని చూసి కాదమ్మా, చూసేవాళ్ళ కంటిని చూసి పెట్టాలి" అనేవాడు. ఏ ఎత్తులో పెడితే బొమ్మ మనిషిని ఆపుతుందో, ఏ వెలుగులో పెడితే మొహం తిప్పుకుంటుందో నాకు చెయ్యి చెబుతుంది. ఒక్క వేలు వెడల్పు తేడా ఉన్నా నాకు నిద్ర పట్టదు.

ఆమె సంగతి దీనికి పూర్తిగా ఎదురు. ఆమె తగిలించిన బొమ్మ ఎడమవైపుకి వాలకుండా ఉండదు. నా ట్యాంకు వాలింది, నా వరండా వాలింది, నా మేడ ఒకసారి ఎంత వాలిందంటే చూసేవాళ్ళు మెడ వంచారు. ముట్టుకుని సరిచేసుకుందామంటే కట్టుబాటు అడ్డం. నేను పళ్ళు కొరుక్కుంటుంటే ఆమె వెనక్కి జరిగి, తల ఊపుతూ, "మస్తుంది అక్కా" అనేది. నా ప్రతి బొమ్మకీ అదే మాట. మస్తుంది అక్కా. ఆ పిల్ల నోట్లో ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చేదంటే, నా బొమ్మలు ఆమెకి ఎక్కడా తగలలేదని నాకు అర్థమైపోయేది. నేను ఆమె బొమ్మ ముందు ఏనాడూ మస్తుంది అనలేకపోయాను.

ఒక ఆదివారం మా చర్చిలో పాస్టర్ గారు అసూయ గురించి ప్రసంగం చేశారు. అసూయ ఎముకల్ని కుళ్ళబెడుతుందన్నారు. ఎవరో ఆయనకి నా గురించి చెప్పారేమోనని పక్కనున్న మా ఆయన వైపు చూశాను. ఆయన నిద్రపోతున్నారు. ప్రార్థనలో కళ్ళు మూసుకుని, ప్రభువా, ఈ కుళ్ళు తీసెయ్యి అని అడుగుదామనుకున్నాను. తీరా నోట్లోంచి వచ్చింది, వచ్చే ప్రదర్శనలో ఎదురుగోడ ఇప్పించు అని.

దేవుడు ఇంకో దారి చూపించాడు. అంశం చెప్పే వంతు నాకు వచ్చింది.

వారం రోజులు ఆలోచించి, అందరూ కూర్చున్నప్పుడు, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి చెప్పాను. "ఎవరూ లేని చోటు."

నా బొమ్మలన్నీ ఎవరూ లేని చోట్లే అని అక్కడున్న అందరికీ తెలుసు. సార్ కళ్ళజోడు మీదనుంచి నన్ను చూసి, మీసాల్లో నవ్వుకుని, "సరే" అన్నారు. ఆమె మాత్రం బిత్తరపోయింది.

"ఎవ్వరు లేని చోటా? మనిషే లేకపోతే నేనేం గీయాలె అక్కా?"

"నువ్వు ఏదైనా వెయ్యగలవులే" అన్నాను తేనె పూసినట్టు.

ఆ రాత్రి హాయిగా అన్నం తిన్నాను. ఆటలో నియమాలు మార్చుకున్నావా అని ఎవరైనా అడిగితే, అవును మార్చాను, నా వంతు కదా అనేదాన్ని. మా గ్యాలరీ మెట్లనే వేశాను. మధ్యాహ్నం వెలుగు మలుపు దగ్గర రెండుగా విరిగి, ఒక ముక్క గోడ ఎక్కుతుంది, ఒక ముక్క కిందికి దిగుతుంది. ఆ విరుపు కోసం ఎన్ని మధ్యాహ్నాలు ఆ మెట్ల మీద కూర్చున్నానో. డాక్టరు గారి పేషెంట్లు నన్ను పెద్ద జబ్బు మనిషి అనుకుని దారిచ్చేవాళ్ళు.

తగిలించే రోజు వచ్చింది. టీలయ్యాయి. బొమ్మలు తిప్పాం. నా మెట్లని నేను చూసుకోలేదు, సూటిగా ఆమెదే చూశాను.

కోచింగ్ క్లాసు గది. క్లాసు ఇంకా మొదలు కాలేదు, గదిలో ఎవరూ లేరు. వరసలు వరసలుగా ప్లాస్టిక్ కుర్చీలు. ప్రతి కుర్చీ మీదా సీటు ఆపుకోవడానికి పెట్టుకున్న వస్తువు ఒకటి. ఒకదానిమీద హెల్మెట్. ఒకదానిమీద సగం తాగిన నీళ్ళ సీసా. ఒకదానిమీద పొడుగ్గా మడిచిన చున్నీ, పక్క కుర్చీ దాకా సాగదీసి, రెండు సీట్లు ఆపుతూ. ఒకదానిమీద చెరగని మరకున్న టిఫిన్ డబ్బా. అన్నిటికన్నా వెనక, గోడవారగా, ఒక కుర్చీ మీద ఏమీ లేదు, ఒక్క పెన్ను క్యాపు తప్ప. అంత పేదగా ఆపుకున్నారు ఆ సీటుని. మనిషి అనేవాడు లేడు, గది మాత్రం కిటకిటలాడిపోతోంది.

నా కడుపులో భగ్గుమంది. అమీర్‌పేటలో ఇన్నేళ్ళుగా ఉంటున్నాను. ఆ క్లాసుల తలుపుల ముందునుంచి రోజూ నడుస్తాను. ఎవరూ లేని చోట్లు నా సొంతం అనుకున్నాను. ఆ పిల్ల నా ఇంట్లోకొచ్చి, నా గిన్నెలతోనే నాకన్నా బాగా వండి వెళ్ళింది.

"ఎదురుగోడకి ఏది?" అన్నారు సార్. అందరి తలలూ కుర్చీల వైపే ఉన్నాయి. ఎవరో నోరు తెరిచేలోపు ఆమె అంది, "ఈసారి అక్కది పెడదాం సార్. అంశం అక్కదే గదా. ఎప్పుడూ నాదేనా?"

"అవునవును, అలాగే చేద్దాం" అన్నారు అందరూ. ఊపిరి పీల్చుకున్నట్టు అన్నారు.

పండక్కి పాత చీర ఇచ్చినట్టు ఇచ్చారు నాకు ఎదురుగోడ. వద్దు అని అరవాలనిపించింది. కానీ నా బొమ్మ గురించి నేను నోరెత్తకూడదు కదా. ఆమె నా మెట్లని ఎత్తుకెళ్ళి, నాలుక బయటపెట్టి, ఎంతో ప్రేమగా ఎదురుగోడకి మేకు కొట్టింది. నా మెట్లు ఎడమవైపుకి వాలాయి.

ఆమె కుర్చీలకి మిగిలింది తలుపు పక్కన, స్విచ్చిబోర్డు కింద ఉన్న గోడముక్క. లోపలికొచ్చేవాళ్ళకి అది వీపు వెనకబడుతుంది. అంతకన్నా పనికిమాలిన చోటు మా దగ్గర లేదు. నాకు కావలసిందీ అదే. తీరా బొమ్మ చేతిలోకి తీసుకున్నాక చెయ్యి నా మాట వినలేదు. మామూలు ఎత్తులో పెట్టి చూస్తే కుర్చీలు గాల్లో తేలుతున్నాయి. కిందికి దింపాను. ఇంకా దింపాను. మామూలు కుర్చీ ఎంత ఎత్తుంటుందో ముందు వరస కుర్చీలు సరిగ్గా అంత ఎత్తుకి వచ్చేదాకా దింపాను. స్విచ్చిబోర్డు మీద ట్యూబులైటు తీసేసి, వంటింటి బల్బు వెలుగు అటు తిప్పాను. వెనక్కి జరిగి చూస్తే, పరుగెత్తి వెళ్ళి ఆ పెన్ను క్యాపు తీసి కూర్చోవాలనిపించింది. వడ్డించేవాడు మనవాడైతే కడపటి పంక్తిలో కూర్చున్నా ఒకటే అంటారు. నేను ఆమె మనిషిని కాను, అయినా వడ్డించింది నా చెయ్యే.

శనివారం సాయంత్రం జనం వచ్చారు. తలుపు తీసి, నా మెట్లని చూసి, "బాగుందండీ" అన్నారు. రెండడుగులు వేసి పక్క గోడలు చూడ్డానికి తిరిగారు. తిరిగినవాళ్ళు తిరిగినట్టే ఆగిపోయారు. కాసేపటికి తలుపు దగ్గర గుంపు కట్టి, లోపలికొచ్చేవాళ్ళకి దారి లేకుండా పోయింది. అందరి వీపులూ నా బొమ్మవైపు. ఇంత కష్టపడి సంపాదించుకున్న ఎదురుగోడ ఆ సాయంత్రం వెనకగోడ అయిపోయింది.

మా ఆయన సోమాజిగూడలో ఒక ఆఫీసులో పనిచేస్తారు. ప్రతి ప్రదర్శనకీ వస్తారు, నా బ్యాగు పట్టుకుని సమోసాల బల్ల పక్కన నిలబడతారు, నేను అడిగితే బాగుంది అంటారు. ఆ రోజు చూస్తే బల్ల దగ్గర లేరు. కుర్చీల ముందు మోకాళ్ళ మీద చేతులానించి వంగి ఉన్నారు.

"మేమూ ఇంతే" అన్నారు నన్ను చూసి, కళ్ళు మెరుస్తుండగా. "ఊళ్ళోంచి వచ్చిన కొత్తలో అమీర్‌పేటలోనే కదా కోచింగు. ఖర్చీఫ్ వేసేవాణ్ణి. ఒకటి నాకు, ఒకటి పక్క సీటుకి."

"పక్క సీటు ఎవరికి?"

"ఉండేదిలే ఒకమ్మాయి. వైజాగ్ వాళ్ళు."

పెళ్ళయి ఇన్నేళ్ళయింది. ఒక వైజాగ్ అమ్మాయికి ఈయన ఖర్చీఫ్ వేసిన సంగతి ఆ పిల్ల బొమ్మ లాగితేగాని బయటికి రాలేదు. నా బొమ్మల ముందు ఈయనకి ఎప్పుడూ ఎవరూ గుర్తు రాలేదు. ఆ సాయంత్రం ఎవరిమీద ఎక్కువ కుళ్ళుకోవాలో తేల్చుకోలేకపోయాను.

పుండు మీద కారంలాగా, బంజారా హిల్స్‌లో పెద్ద గ్యాలరీ నడిపే ఒకావిడ కూడా అప్పుడే వచ్చారు. చాలాసేపు చూసి, ఆమెని పక్కకి పిలిచి, మా హాల్లో మీ ఒక్కరి బొమ్మలతోనే ప్రదర్శన పెడదాం అన్నారు. తర్వాత ఇటు తిరిగి, "ఇంత చక్కగా తగిలించింది ఎవరండీ?" అని అడిగారు. అందరూ నన్ను చూపించారు. ఆవిడ నా చేతులు పట్టుకుని, "ఎంత బాగా చేశారండీ. మా దగ్గరికి కూడా వచ్చి తగిలించిపెట్టకూడదూ?" అన్నారు. అన్నది ఎక్కడ నిలబడి? నా మెట్లకి ఆనుకునేంత దగ్గరగా, వాటికి వీపు పెట్టి.

ఆ తర్వాత చాలా రోజులు గ్యాలరీ గడప తొక్కలేదు. ఆమె ఫోన్ చేస్తే తలనొప్పి అన్నాను, స్కూల్లో పరీక్షలన్నాను. ఒక సాయంత్రం తనే మా ఇంటికి వచ్చేసి, ఎప్పటిలా వంటింటి కిటికీ దగ్గర స్టూలు లాక్కుని కూర్చుంది. టీ పెట్టాను. మనిషి చిక్కినట్టు కనబడింది.

"అక్కా, గా హాలు చూసిన. గోడలు చూస్తెనే భయమైతుంది. నాకు తగిలించుడు రాదు, నీకెరుకే గదా. నువ్వు పెడితెనే నా బొమ్మ నిలబడ్తది. జర వస్తవా?"

వస్తానన్నాను. మంచితనం కాదు. ఆ పిల్ల అంత పెద్ద హాల్లో తేలిపోతే చూడాలని ఉంది, అది కూడా దగ్గరుండి.

బంజారా హిల్స్ హాలు మా వాటాకి పదింతలుంది. తెల్లగోడలు, పైన పట్టాల మీద జరిగే లైట్లు, నిచ్చెన పట్టుకోవడానికి మనుషులు. ఆమె బొమ్మలన్నీ గోడల పొడవునా ఆనించి ఉన్నాయి. "ఎదురుగోడకి ఏది పెడదాం అక్కా?" అంది. ఒక్కొక్కటీ చూస్తూ నడిచాను. టీ బండి బొమ్మ బాగానే ఉంది. బిందెల బొమ్మ, కుర్చీల బొమ్మ పాతవి, వాటి మంట నాకు అలవాటైపోయింది. హాస్టల్ బాల్కనీ బొమ్మ దగ్గర నాకేమీ అనిపించలేదు. చివరిదాని దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. మెట్రో మెట్ల కింద ఇద్దరమ్మాయిలు. ఒకమ్మాయి రెండు చేతులకీ తడి గోరింటాకు. చేతులు దూరంగా చాచి నోరు తెరిచింది. రెండో అమ్మాయి పానీపూరీ ఆ నోట్లో పెడుతోంది, రసం మోచేతిదాకా కారుతోంది. ఆ మెట్లు నేను రోజూ దిగే మెట్లు. నా కంటికి అవి ఎప్పుడూ మెట్లే. కడుపులో భగ్గుమని లేచింది.

"ఇది" అన్నాను.

"నీకెట్ల తెలుస్తదక్కా గంత టక్కున?"

ఎలా చెప్పను? నాకు ఏది చూస్తే కడుపు మండుతుందో అదే ఎదురుగోడకి వెళ్ళాల్సిన బొమ్మ. ఇన్నేళ్ళూ అంతే. నా చెయ్యి తప్పు చెయ్యలేదు, కళ్ళు తప్పు చెయ్యలేదు, నా కుళ్ళు కూడా ఏనాడూ తప్పు చెయ్యలేదు. ఆటోలో ఇంటికి వస్తూ నాలో నేనే నవ్వుకుంటే ఆటో భాయ్ అద్దంలోంచి వింతగా చూశాడు. ప్రదర్శన బ్రహ్మాండంగా జరిగింది. అది చెప్పడానికి ఇప్పటికీ నాకు ఇష్టం లేదు.

ఆ ఆదివారం మా ఆయన్ని ఒక్కణ్ణే చర్చికి పంపించి, మంచం కిందనుంచి నా బొమ్మలన్నీ బయటికి లాగాను. గోడలకి ఆనించి, మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వీటిని నేను వెయ్యలేదు, ఆమె వేసింది అనుకున్నాను. ట్యాంకు చూశాను. వరండా చూశాను. మెట్లు చూశాను. కడుపు మండుతుందేమోనని ఎదురుచూశాను. చల్లగా ఉంది. అన్నిటినీ రెండోసారి చూశాను. చల్లగానే ఉంది. చక్కగా వేసిన బొమ్మలే అన్నీ, ఒక్కదాన్ని చూసి కూడా కుళ్ళుకోబుద్ధి కాలేదు. ఆమె ఎదురుగోడలన్నీ ఒక ఎత్తు, ఆ చల్లదనం ఒక ఎత్తు. వంటింట్లోకి వెళ్ళి నిలబడి ఏడ్చాను.

ఏడుస్తుంటే కిటికీలోంచి ఎదురింటి వంటిల్లు కనబడింది. అమీర్‌పేట సందుల్లో ఫ్లాట్ల మధ్య చెయ్యి చాస్తే అందేంత జాగా. ఎదురింటావిడ ఈమధ్యే వంటిల్లు కొత్తగా చేయించుకుంది. పసుపు పచ్చ పలకలు, పొగగొట్టం, మెరిసే అరలు. నా మసి గోడల పక్కన అది చూసి నేను కుళ్ళుకోని పూట లేదు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? కళ్ళు తుడుచుకుని చూసేసరికి ఆవిడ చేతిలో గిన్నె పట్టుకుని ఇటే చూస్తోంది. నన్ను కాదు. నేను ఏడుస్తుండగానే చర్చి నుంచి వచ్చి, నా వెనక స్టూలు మీద కూర్చుని, అడక్కుండానే వెల్లుల్లి పొట్టు తీస్తున్న మా ఆయన్ని చూస్తోంది. ఆవిడ మొహంలో ఉన్నది ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ విద్యలో నేను పండిపోయాను.

తర్వాతి ప్రదర్శనకి సార్ ఇచ్చిన అంశం 'పొరుగు'. ఆ వంటిల్లే వేశాను. మా కిటికీ ఊచల మధ్యనుంచి ఆ పసుపు వెలుగు, ఆ అరలు. ఒక మూల మా ఆయన భుజం, వెల్లుల్లి గిన్నె. మధ్యలో ఆవిడ మొహం. ఎన్నో ఏళ్ళ తర్వాత నేను వేసిన మనిషి మొహం. ఎన్నిసార్లు చెరిపానో. ఆవిడ చూపు కుదరకపోతే అద్దం ముందుకి వెళ్ళి, ఆ పిల్ల కుర్చీల బొమ్మని తలుచుకుని, నా మొహం చూసుకుని వచ్చేదాన్ని. పూర్తయ్యాక కుర్చీ వేసుకుని కూర్చుని, ఇది ఆ పిల్ల వేసింది అనుకున్నాను. ఒళ్ళంతా సర్రుమంది.

తగిలించే మధ్యాహ్నం టీలయ్యాక బొమ్మలు తిప్పాం. నేను ఈసారి ఆమె బొమ్మ చూడలేదు, ఆమెని చూశాను. ఆమె కళ్ళు నా బొమ్మ మీద పడ్డాయి. మస్తుంది అక్కా అనలేదు. దగ్గరికి వెళ్ళి ఆ మొహం చూసింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. పెదవి బిగిసింది. "గీ పసుపు ఎట్ల తెచ్చినవ్?" అని అడిగింది, కాస్త కటువుగా. అక్కా అన్న మాట కూడా మర్చిపోయింది.

"ఎదురుగోడకి ఏది?" అన్నారు సార్.

ఎవరూ మాట్లాడకముందే ఆమె, నేలచూపులు చూస్తూ, "అక్కది" అంది. పోయినసారి ఇచ్చినట్టు ఇవ్వలేదు. ఎవరో చేతిలోంచి లాక్కుంటే వదిలినట్టు వదిలింది.

మేకు కొడుతుంటే సుత్తి దెబ్బలు కింద బ్లౌజుల షాపుదాకా వినబడి ఉంటాయి. బొమ్మ తగిలించి, నావైపు తిరక్కుండానే అంది, "నాకు మంటగుంది అక్కా. నిజం చెప్తున్న. గా కిటికి కాడ కూసోని నేనెన్నిసార్లు చాయ్ తాగలే? గామె మొకం నాకెందుకు కండ్ల పడలే?"

ఆమె నోటినుంచి ఎన్నో మస్తుంది అక్కాలు విన్నాను. నాకు కావలసింది ఈ ఒక్క మాటే అని, ఆ గోడ కాదని, అది విన్నాకే తెలిసింది.

ఆమె కళ్ళు తుడుచుకుని వెనక్కి జరిగింది. బొమ్మ ఎడమవైపుకి ఎప్పటికన్నా ఎక్కువే వాలి ఉంది.

"సక్కగున్నదా అక్కా?" అంది.

"సరిగ్గా ఉంది" అన్నాను.